కోట శ్రీనివాసరావు గారి సంస్మరణ సభలో నాటకానికి చోటెక్కడ?

మూడోగంట
వచ్చే జూలై 10న, కోట శ్రీనివాసరావు గారి పుట్టినరోజున, మా ఊళ్లో సంస్మరణ సభ జరపాలని మా కళాసమితి నిర్ణయించింది. నేను ఆ సమితిలో సహాయ కార్యదర్శిని. అంటే కుర్చీలు లెక్కపెట్టడం, కరపత్రాల్లో అచ్చుతప్పులు దిద్దడం నా పని. నిన్న ఆహ్వానపత్రిక చిత్తుప్రతి నా చేతికి వచ్చింది. జ్యోతి ప్రజ్వలన, పదకొండు మంది వక్తలు, ఆయన సినిమాల్లోని సన్నివేశాలు నలభై నిమిషాల పాటు తెర మీద, ఆ తరువాత సినీ సంగీత విభావరి, చివర దాతలకు శాలువాలు. మూడున్నర గంటల ఈ కార్యక్రమం మొత్తంలో నాటకం ప్రస్తావన ఒక్కచోటే ఉంది: 'రంగస్థలం నుంచి వెండితెరకు ఎదిగిన మహానటుడు' అని.

నా ఫిర్యాదు ఆ 'ఎదిగిన' అన్న మాట మీదే. నాటకం మెట్టు, సినిమా మేడ అన్నట్టుంది ఆ వాక్యం. ఆయన 1942లో కంకిపాడులో పుట్టారు, తొలి సినిమా 1978లో వచ్చింది. ముప్పై ఆరేళ్ల వయసులో కెమెరా ముందుకు వచ్చిన మనిషి అప్పటికే తయారైన నటుడు. ఆ తయారీ ఎక్కడ, ఎలా జరిగిందో చెప్పకుండా ఏడు వందల యాభైకి పైగా సినిమాలు, తొమ్మిది నందులు, ఒక పద్మశ్రీ అని చదువుకుంటూ పోతే అది సన్మానం అవుతుందా, సామాను జాబితా అవుతుందా? ఏం చేస్తే బాగుంటుందో పెద్దలు చెప్పండి. 'నాటకం వేయించండి' అని మాత్రం ఒక్క ముక్కలో తేల్చవద్దు. సమావేశంలో ఆ మాట అన్నందుకే నన్ను మైకులు చూసుకోమన్నారు.

బెజవాడ_బాబాయి
మీ బాధ అర్థమైంది కానీ, సభకు వచ్చేవాళ్లు ఎందుకు వస్తారో కూడా ఆలోచించాలి. 'అహ నా పెళ్ళంట'లో కోడిని దూలానికి వేలాడదీసి, దాన్ని చూస్తూ అన్నం తినే పిసినారి లక్ష్మీపతిని పదిమందితో కలిసి మరోసారి చూసి నవ్వుకోవడానికి వస్తారు. అందులో తప్పు లేదు. ఆయనను జనం ప్రేమించింది అక్కడే. మీరు నాటకం గురించి ఉపన్యాసం మొదలుపెడితే వెనక వరుసల వాళ్లు టీ కోసం లేస్తారు, మళ్లీ రారు.

తెరవెనుక_ప్రాంప్టర్
ఆ తొలి సినిమా సంగతి పూర్తిగా చెప్పుకుంటే సగం వాదన అక్కడే తేలిపోతుంది. 'ప్రాణం ఖరీదు' అన్నది మొదట నాటకం. సి.ఎస్. రావు గారు రాసిన ఆ నాటకాన్నే కె. వాసు గారు సినిమాగా తీశారు. అంటే కోట గారు నాటకాన్ని వదిలి సినిమాలోకి వెళ్లలేదు, నాటకమే సినిమాలోకి వెళుతూ ఆయనను కూడా వెంట తీసుకువెళ్లింది. 'ఎదిగిన' అన్న మాట కొట్టేసి ఈ ఒక్క వాక్యం రాయండి, ఖర్చు కూడా ఉండదు.

పాత_టెంటుహాలు
అదే సినిమాతో చిరంజీవి గారు కూడా తెరకు పరిచయమయ్యారు. ఆయన ముందుగా ఒప్పుకున్నది 'పునాదిరాళ్లు' అయినా ముందుగా విడుదలైంది 'ప్రాణం ఖరీదు'. ఈ ముక్క మీ వక్తల్లో ఒకరికి ముందే అందించండి. లేకపోతే పదకొండు మందీ అదే చెబుతారు.

మూడోగంట
పదకొండు మందిలో ఏడుగురు ఇప్పటికే అదే చెబుతామన్నారు.

లెడ్జర్_రావు
నేను బ్యాంకులో ముప్పై నాలుగేళ్లు పనిచేసి బయటికి వచ్చినవాణ్ణి. కోట గారు స్టేట్ బ్యాంకులో ఉద్యోగం చేస్తూ నాటకాలాడినవారని అందరికీ తెలుసు. ఆయనతో నాకు పరిచయం లేదు, నాది వేరే బ్యాంకు, వేరే ఊరు. కానీ ఆ కాలపు ఉద్యోగుల నాటకం ఎలా ఉండేదో నాకు తెలుసు కనుక కొంచెం విస్తారంగా రాస్తాను.

డెబ్బైల్లో బ్యాంకులు, తపాలా, టెలిఫోను, రైల్వే, సచివాలయం, ఎక్కడ చూసినా ఒక నాటక బృందం ఉండేది. సాయంత్రం లెక్కలు సరిపోయేదాకా ఎవరూ కుర్చీలోంచి కదలకూడదు. నాలుగణాలు తేడా వస్తే ఎనిమిది దాటేది. ఆ తరువాత ఏ బడి గదిలోనో, ఎవరి మేడ మీదనో రిహార్సల్ మొదలయ్యేది. డైలాగు వచ్చినవాడికి కదలిక రాదు, కదలిక వచ్చినవాడికి బదిలీ వస్తుంది. వేషం సిద్ధమై, పరిషత్తు నాటక పోటీ పది రోజుల్లో ఉందనగా ప్రధాన పాత్రధారిని ఎక్కడో వంద మైళ్ల అవతలికి పంపించిన సందర్భాలు మా బృందంలోనే మూడున్నాయి. అప్పుడు ప్రాంప్టింగ్ చేసేవాడే రంగు వేసుకుని ఎక్కేవాడు. అందువల్ల ఒక్కొక్కరికీ ఒక వేషం కాదు, నాటకంలో ఉన్న అన్ని వేషాలూ వచ్చి ఉండేవి. ఈ రోజు విలన్, రేపు ముసలి తండ్రి, ఎల్లుండి పూజారి. కోట గారు సినిమాల్లో విలన్‌గా, హాస్యనటుడిగా, కన్నీళ్లు పెట్టించే తండ్రిగా ఇన్ని రకాలుగా ఎలా చేయగలిగారని ఆశ్చర్యపోతుంటారు. అలాంటి బృందాల్లో పెరిగిన నటుడికి అది మామూలు విషయం.

రెండో సంగతి గొంతు. అప్పటి సభల్లో వేదిక ముందు రెండో మూడో మైకులు వేలాడుతూ ఉండేవి. వాటి కిందికి వచ్చి మాట్లాడితే సహజంగా ఉండదు, దూరంగా ఉండి మాట్లాడితే వినపడదు. గుసగుస కూడా చివరి వరుసకు చేరాలి, కానీ గుసగుసలాగే ఉండాలి. ఇది నేర్చుకోవడానికి మాకు ఏళ్లు పట్టింది, మాలో చాలామందికి ఎప్పటికీ రాలేదు. కోట గారి సన్నివేశం ఏదైనా కళ్లు మూసుకుని వినండి. మాట విరుపులో, మాటకూ మాటకూ మధ్య ఆగడంలో ఆ మనిషి డబ్బున్నవాడా, లేనివాడా, భయపెడుతున్నాడా, భయపడుతున్నాడా అన్నది తెలిసిపోతుంది.

మూడో సంగతి, అందరూ నవ్వే ఆ కోడి. 1987లో జంధ్యాల గారు తీసిన 'అహ నా పెళ్ళంట'లో ఆ సన్నివేశాన్ని మాటల హాస్యం అనుకుంటారు. మాటలు తీసేసి చూడండి. చూపు కోడి మీదికి, చేయి ముద్ద మీదికి, ముద్ద నోట్లోకి, నోట్లో లేని మాంసం రుచి ముఖంలోకి. అది పూర్తిగా ఆంగికం, అంటే ఒంటితో, ముఖంతో చేసే అభినయం. మన వేదిక మీద గ్లాసు లేకుండా నీళ్లు తాగి చూపించమనేవారు, అదే పాఠం అది.

ఓరుగల్లు_మందారం
లెడ్జర్_రావు గారు రాసినదంతా నాకు నచ్చింది. కానీ గొంతు గురించి మాట్లాడినప్పుడు ఎవరూ ఎత్తని సంగతి ఒకటుంది. 1985లో వచ్చిన 'ప్రతిఘటన'లో కాశయ్య పాత్రతో కోట గారికి పెద్ద పేరు వచ్చింది. ఆ కాశయ్య తెలంగాణ మాట మాట్లాడతాడు, దుర్మార్గుడు. 1998లో 'గణేష్'లో మళ్లీ అదే యాస, మళ్లీ దుర్మార్గుడే, ఆ వేషానికి నంది కూడా వచ్చింది. మా నాయన మాట్లాడే మాట తెర మీద రౌడీ నోట్లోనో, నవ్వులాట మనిషి నోట్లోనో తప్ప కథానాయకుడి నోట్లో వినపడని రోజుల్లో మేము బడిలో చదువుకున్నాం. 'నీకు కాశయ్య బాస వచ్చే' అని తోటి పిల్లలు వెక్కిరించిన రోజు నాకు ఇప్పటికీ గుర్తుంది. ఆయన గొప్ప నటుడు కాడని నేను అనడం లేదు. సంస్మరణ అంటే పూలు చల్లడమే అయితే ఈ మాట అక్కరలేదు, నటన గురించి నిజంగా మాట్లాడుకుందాం అంటే మాత్రం ఇది కూడా రావాలి.

బెజవాడ_బాబాయి
ఆ తప్పు రాసినవాళ్లది, తీసినవాళ్లది. ఇచ్చిన వేషం చేసిన నటుణ్ణి నిలదీయడం న్యాయం కాదు.

ఓరుగల్లు_మందారం
నిలదీయలేదు బాబాయి గారూ, మరోసారి చదవండి. వేషం మంచిదైతే నటుడి ప్రతిభ అనీ, వేషంతో చిక్కు వస్తే రచయిత తప్పనీ అంటే ఎలా? రెండింటిలోనూ ఇద్దరికీ వాటా ఉంది.

తెరవెనుక_ప్రాంప్టర్
ఇందులో రెండు వైపులా నిజం ఉంది కానీ, ఒక తేడా గమనించాలి. ఆ కాలంలో చాలామంది నటులు తెలంగాణ మాట అంటే క్రియాపదం చివర నాలుగు ముక్కలు మార్చి సరిపెట్టుకునేవారు. కోట గారు కృష్ణా జిల్లా మనిషి అయినా ఆ మాట ఎత్తుగడ, దానిలోని వేగం, ఎక్కడ సాగదీయాలి, ఎక్కడ తుంచాలి అన్నవి పట్టుకున్నారు. హైదరాబాదులో ఉద్యోగం చేస్తూ చెవి పెట్టి విన్న మనిషి నేర్చిన మాట అది. దాన్ని ఏ పాత్రకు వాడారన్నది సినిమా పరిశ్రమ చేసిన పాపం. ఎంత శ్రద్ధగా నేర్చుకున్నారన్నది నటుడి పుణ్యం.

ఓరుగల్లు_మందారం
ఇది ఒప్పుకుంటాను. మా నాయన కూడా ఆ సినిమా చూసి, 'గీయన మనూరాయనేనా?' అని అడిగారు. కోపంగా అడిగారా, సంబరంగా అడిగారా అన్నది మాకు ఈనాటికీ తెలియదు.

పాత_టెంటుహాలు
అందరూ నాటకం వైపే మాట్లాడుతున్నారు కనుక నేను సినిమా వైపు నిలబడతాను. నాటకంలో హేమాహేమీలైనవారు ఎందరో కెమెరా ముందు తేలిపోయారు. వేదిక మీద చివరి వరుస కోసం చేసే ముఖకవళిక క్లోజప్‌లో భరించరానిదిగా ఉంటుంది. కోట గారు అది ఎప్పుడో గ్రహించి తగ్గించుకున్నారు. 1991లో వచ్చిన 'మామగారు'లో బాబూమోహన్ గారితో ఆయన చేసిన హాస్యం చూడండి. అవతలివారు ఎంత కదిలితే ఈయన అంత తక్కువ కదులుతారు. 1993లో రామ్ గోపాల్ వర్మ తీసిన 'గాయం'లో గురునారాయణ అయితే నాటకం వాసన లేకుండా చేశారు. 2003లో తమిళంలో 'సామి' విలన్, 2005లో హిందీలో 'సర్కార్'. నాటకంలో నేర్చుకున్న దానితో పాటు మరచిపోవలసినది మరచిపోవడం కూడా ఒక విద్య. ఆ సగాన్ని మీరు కొట్టిపారేయవద్దు.

లెడ్జర్_రావు
పాత_టెంటుహాలు గారి మాటకు నేను తలవంచుతున్నాను. మరచిపోవడం అన్న మాట బాగుంది. జె.వి. సోమయాజులు గారి విషయం కూడా ఇలాంటిదే. డిప్యూటీ కలెక్టరుగా ఉద్యోగం చేస్తూ 'కన్యాశుల్కం'లో రామప్పంతులుగా వేదికలెక్కిన మనిషి. తమ్ముడు రమణమూర్తి గారు గిరీశం. అంతటి గడసరి రామప్పంతులు 1980లో 'శంకరాభరణం'లో గొంతు పెంచకుండా, కనుబొమ కదిలించకుండా కూర్చుంటే దేశం దణ్ణం పెట్టింది. ఆ రామప్పంతుల్ని చూసినవారికే ఆ శంకరశాస్త్రిలో ఎంత అణచి పెట్టారో తెలుస్తుంది. చూడనివారికి ఆ పోలిక అందదు, మన చిక్కంతా అక్కడే ఉంది. సినిమా మిగిలింది, నాటకం మిగల్లేదు.

డల్లాస్_దొండకాయ
ఇక్కడ పుట్టిన మా పిల్లలకు కోట గారు ఫోనుల్లో తిరిగే బొమ్మల ద్వారా తెలుసు. పేరు తెలియదు, ముఖం తెలుసు. మొన్న సెలవుల్లో 'అహ నా పెళ్ళంట', 2004 నాటి 'ఆ నలుగురు' వరుసగా రెండు రాత్రులు చూపించాను. మొదటి దానిలో పిసినారి తండ్రి లక్ష్మీపతి, రెండో దానిలో వడ్డీలకిచ్చే కోటయ్య. రెండింటిలోనూ ఎదురుగా ఉన్నది రాజేంద్రప్రసాద్ గారే. మొదటి దానిలో పిల్లనివ్వమని వెంటబడే కుర్రవాడు, రెండో దానిలో అప్పు తీర్చకుండా కన్నుమూసిన పెద్దమనిషి. పదిహేడేళ్ల తేడాతో ఇద్దరు నటులూ డబ్బు గురించే మాట్లాడుకుంటున్నారు. మొదటి దానికి పిల్లలు పొర్లి పొర్లి నవ్వారు. రెండో రాత్రి కోటయ్య వచ్చినప్పుడు కూడా ముందు అలవాటుగా నవ్వడం మొదలుపెట్టి, శవం దగ్గర ఆయన ముఖం మారుతుంటే మానేశారు. మా చిన్నది 'అదే అంకులా?' అని అడిగింది. మీ సభలో నలభై నిమిషాల ముక్కల మాలకు బదులు ఈ రెండు సినిమాల నుంచి చెరొక సన్నివేశం పెట్టండి.

బెజవాడ_బాబాయి
ఇది చేయదగినది. నవ్వించి ఏడిపిస్తే జనం కూర్చుంటారు. నేను నాటకానికి శత్రువును కాను, ఖాళీ కుర్చీలకు శత్రువును.

సరిగమ_సత్యం
2014లో ఆయనకు పద్మశ్రీ వచ్చినప్పుడు కూడా పత్రికలన్నీ సినిమాల పట్టికే వేశాయి.

తెరవెనుక_ప్రాంప్టర్
2015. కరపత్రంలో పడకముందే దిద్దుతున్నాను, మూడోగంట గారికి పని తగ్గుతుంది.

సరిగమ_సత్యం
దిద్దుబాటుకు ధన్యవాదాలు. ఎమ్మెల్యేగా చేసిన సంగతి ఎవరూ అనలేదేమి? 1999 నుంచి 2004 దాకా విజయవాడ తూర్పుకు ఆయనే శాసనసభ్యులు.

బెజవాడ_బాబాయి
నేను అదే నియోజకవర్గంలో ఓటరును. ఆ సంగతి మొదలుపెడితే ఈ చర్చ జూలై 10 దాకా తెమలదు. నటన దగ్గరే ఉందాం.

చంద్రమతి_కూతురు
ఇంతసేపూ చదువుతూ ఊరుకున్నాను. మా అమ్మ పద్యనాటకాల్లో చంద్రమతి, తార, చింతామణి వేషాలు కట్టింది. కాంట్రాక్టు నాటకాలు. తిరునాళ్లకు పిలిచేవారు, రాత్రి పదింటికి మొదలుపెట్టి తెల్లవారుజాము దాకా ఆడేవారు. అర్ధరాత్రి దాటాక కాటి సీనులో జనం 'వన్స్ మోర్' అంటే చచ్చిన లోహితుణ్ణి ఒళ్లో పెట్టుకునే అదే పద్యం మళ్లీ పాడేది. సినిమా ఆమెను పిలవలేదు. ఇప్పుడు ఆమెకు ఎనభై దాటాయి.

మా ఇంట్లో అటక మీద రెండు గోనె సంచుల నిండా షీల్డులున్నాయి. చెక్క మీద ఇత్తడి రేకు కొట్టినవి కొన్ని, ప్లాస్టిక్కువి ఎక్కువ. పాత సామాన్లవాడు ఇత్తడి రేకులు ఊడదీసుకుని చెక్కలు వదిలేసిపోయాడు. శాలువాలు నేనే లెక్కపెట్టాను, అరవై రెండు. వాటిలో చలికి పనికొచ్చేవి మూడు. ఒక సన్మానంలో వేదిక మీద కవరు ఇచ్చి, ఫోటో అయ్యాక దిగి వచ్చి, 'అమ్మా, కవరు ఒకసారి ఇవ్వండి, ఇంకొకరికి కూడా కావాలి' అని తీసుకువెళ్లారు. అందులో ఏమీ లేదని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు.

కోట గారికి జరిగే సభ మీద నాకు అసూయ లేదు, ఆయనంటే మా ఇంట్లో అందరికీ ఇష్టం. మీరంతా నాటకం గొప్పది అంటున్నది ఆ నాటకం సినిమాకు ఒక కోట గారిని ఇచ్చింది కనుకనే. సినిమాకు ఎవరినీ ఇవ్వకపోయినా అది నాటకమే కదా?

మూడోగంట
ఈ మాట చదివాక నా మొదటి టపాలో నేను రాసినది నాకే సగంగా కనిపిస్తోంది.

లెడ్జర్_రావు
అమ్మాయీ, నీ ప్రశ్నకు మన పెద్దలు ఒకప్పుడు సరిగానే జవాబు చెప్పారు, తరువాత మరచిపోయారు. స్థానం నరసింహారావు గారికి 1956లో పద్మశ్రీ వచ్చింది. స్త్రీ వేషాలు వేసిన నటుడికి, వేదిక మీది సత్యభామకు, రోషనారకు, మధురవాణికి వచ్చింది అది. 'మీరజాలగలడా' అన్న పాట ఆ సత్యభామ కోసం ఆయనే కట్టుకున్నారు. ఈలపాట రఘురామయ్య గారికి 1975లో వచ్చింది. ఆయన సినిమాల్లోనూ చేశారు కానీ, ఊళ్లకు ఊళ్లు కదిలింది వేదిక మీది కృష్ణుడి కోసం. ఆ తరువాత రంగస్థల నటుడి గురించి ఎవరు రాసినా రెండో వాక్యంలో సినిమా పేరు కోసం వెతుక్కోవడం అలవాటైపోయింది.

పాత_టెంటుహాలు
నంది నాటకోత్సవాలు పెట్టారు కదా. సినిమాకు ఇచ్చిన నందినే తరువాత నాటకానికి కూడా ఇచ్చారు.

చంద్రమతి_కూతురు
పెట్టారు, మంచిదే. అది కూడా సినిమా బహుమతి పేరును అరువు తెచ్చుకున్నదే అని మా అమ్మ అంటుంది. ఆమె కొంచెం కటువుగానే మాట్లాడుతుంది.

ఓరుగల్లు_మందారం
మీ అమ్మగారిని మూడోగంట గారి సభకు పిలవాలి.

తెరవెనుక_ప్రాంప్టర్
పిలవడం బాగానే ఉంటుంది కానీ, కోట గారు ఆడినది పద్యనాటకం కాదు, సాంఘిక నాటకం. రెండు వేరే లోకాలు. అక్కడ హార్మోనియం, రాగం, రాత్రంతా ఆట. ఇక్కడ గంటసేపు నాటిక, లైటింగు, న్యాయనిర్ణేతల మార్కులు. పద్యం పాడించి 'ఇదీ కోట గారి రంగస్థలం' అంటే అది మరో రకం అబద్ధం అవుతుంది. 1929లో తెనాలిలో పుట్టిన ఆంధ్ర నాటక కళాపరిషత్తు మొదలుకొని సాగిన ఈ పోటీల లోకంలో, ఇప్పటికీ ఏటా కొత్త నాటికలు రాసి, ఉద్యోగాలకు సెలవులు పెట్టి ఊరూరా తిరిగి ఆడుతున్న బృందాలున్నాయి. అలాంటి బృందాన్ని ఒకదాన్ని పిలిచి నాటిక వేయించండి. శాలువాల డబ్బు, విభావరి డబ్బు కలిపితే వారి బస్సు ఖర్చు, సెట్టింగు లారీ బాడుగ, భోజనాలు అన్నీ తీరతాయి.

బెజవాడ_బాబాయి
నాటిక గంటసేపు అంటే నాకు ఇంకా భయమే. నలభై అయిదు నిమిషాలకు కుదిస్తారా?

తెరవెనుక_ప్రాంప్టర్
పదకొండు మంది వక్తలను అయిదుగురికి కుదిస్తే నాటికను కుదించనక్కరలేదు.

లెడ్జర్_రావు
నాటికకు ముందు చిన్న పని ఒకటి చేయవచ్చు, ఖర్చు లేనిది. డల్లాస్ వారు చెప్పిన రెండు సన్నివేశాలే తీసుకోండి. లక్ష్మీపతి కోడి సన్నివేశాన్ని శబ్దం ఆపేసి చూపించండి. కోటయ్య సన్నివేశాన్ని బొమ్మ ఆపేసి, హాలులో దీపాలు కూడా ఆర్పి, మాట ఒక్కటే వినిపించండి. ఆ తరువాత రెండింటినీ మామూలుగా వేయండి. ఆంగికం అంటే ఏమిటి, వాచికం అంటే ఏమిటి అని ఎవరూ ఉపన్యసించనక్కరలేదు. అవి ఎక్కడ నేర్చుకున్నారని జనమే అడుగుతారు. అప్పుడు తెర లేపి నాటిక మొదలుపెట్టండి.

డల్లాస్_దొండకాయ
ఇది మేము ఇక్కడి సంఘంలో కూడా చేయవచ్చు. మా పిల్లల మీద ముందు ప్రయోగించి ఫలితం చెబుతాను.

పాత_టెంటుహాలు
శబ్దం లేకుండా కోడి సన్నివేశమా? జంధ్యాల గారి మాటలు లేకుండా? మనసు ఒప్పుకోవడం లేదు. అయినా చూడాలనే ఉంది.

సరిగమ_సత్యం
ఇంకొక పని కూడా ఉంది. ఆ రోజుల్లో ఇటువంటి బృందాల్లో ఆడినవారు ఇప్పుడు డెబ్బై, ఎనభై దాటి ఉంటారు. ఎవరి దగ్గరైనా పాత కరపత్రాలు, పరిషత్తు సావనీర్లు, రిహార్సల్ ఫోటోలు ఉంటే వాటిని ఫోనుతో ఫోటో తీసి పంపమని మీ ఆహ్వానపత్రిక వెనకవైపు ఒక వాక్యం వేయండి. సినిమాకు రీలు ఉంది. ఆ నాటకాలకు కరపత్రం తప్ప సాక్ష్యం లేదు, అది కూడా చాలా ఇళ్లలో పచ్చళ్ల సీసాల కింద పరిచి ఉంటుంది.

లెడ్జర్_రావు
మా ఇంట్లో నిజంగానే పచ్చడి జాడీ కింద ఒకటి దొరికింది. నా పేరు మీద మాగాయ నూనె. 'ఉత్తమ సహాయ నటుడు' అన్నది మాత్రం చదవడానికి వీలుగా ఉంది.

మూడోగంట
నిన్న రాత్రి సమితి సమావేశం ముగిసింది. మీరంతా రాసినది అచ్చు తీసి తీసుకువెళ్లాను. జరిగినది ఉన్నది ఉన్నట్టు చెబుతాను. 'ఎదిగిన' అన్న మాట పోయింది, దాని స్థానంలో 'ప్రాణం ఖరీదు' వాక్యం వచ్చింది. వక్తలు ఏడుగురికి తగ్గారు, అయిదుకు తగ్గించడం నా వల్ల కాలేదు. ఓరుగల్లు_మందారం గారు చెప్పిన యాస సంగతి ఒక వక్త తన అంశంగా తీసుకుంటానన్నారు. ఆయనది కరీంనగర్. కోశాధికారి గారు మాత్రం 'సంస్మరణ సభలో ఇవన్నీ ఎందుకు' అని గొణిగారు. శబ్దం లేని సన్నివేశం, బొమ్మ లేని సన్నివేశం రెండూ ఒప్పుకున్నారు. మైకుల మనిషిని నేనే కనుక ఆ బాధ్యత నాదే. సంగీత విభావరి పోయింది, నాటిక వచ్చింది. శాలువాలు పోలేదు. దాతలు ముగ్గురు వారి ఫోటో వారికి కావాలన్నారు.

చంద్రమతి_కూతురు గారూ, మీ అమ్మగారిచేత పద్యం పాడించము, తెరవెనుక_ప్రాంప్టర్ గారు చెప్పినది సబబే. నాటికకు మొదటి గంట, రెండో గంట మా కుర్రవాళ్లు కొడతారు. తెర లేచే మూడో గంట మీ అమ్మగారిచేత కొట్టించాలని నా కోరిక. వస్తారేమో అడిగి చెప్పండి. ప్రయాణపు ఖర్చులు ముందుగానే పంపుతాము, కవరులో కాదు.

బెజవాడ_బాబాయి
నాకు రెండో వరుసలో కుర్చీ వేయించండి. టీకి లేవను.

చంద్రమతి_కూతురు
అడిగాను. కోట గారి సభ అని చెప్పగానే, 'ఆయన గొంతు వింటే సాంఘికమైనా తాళంలో ఉన్నట్టుండేది' అంది. వస్తానంది. శాలువా కప్పితే మాత్రం అక్కడికక్కడే మడిచి ఇచ్చేస్తానంది. ఆట ఎన్నింటికి అని అడిగింది. ఏడింటికి అని కార్యక్రమపత్రంలో ఉందని చెప్పాను. 'అయితే ఏడింటికే కొడతాను. ముఖ్య అతిథి దారిలో ఉన్నారని ఆపమంటే ఆపను, ఆ సంగతి వాళ్లకు ముందే చెప్పు' అంది.

మూడోగంట
ముఖ్య అతిథి గారు ఎప్పుడూ ఏడున్నరకు వస్తారు. అధ్యక్షుల వారికి ఈ సంగతి ఇంకా చెప్పలేదు.